ముఖమా, చేతులా, గొంతేనా

కుడిచెయ్యి లైటు పిడి మీద ఉంది, ఎడమచెయ్యి ఒళ్లో ఉంది, మనసు మాత్రం ఎక్కడా కుదురుగా ఉండనంటోంది. కింద, దూరంగా, వేదిక మీద తను వేసిన గుండ్రటి వెలుగులో లాయరుగారు నిలబడి మాట్లాడుతున్నారు, మాట్లాడుతూనే ఉన్నారు, ఈయన చేతికి మైకు ఇచ్చిన మహానుభావులెవరో గానీ ఏటా ఇదే తంతు, రెండు ముక్కలు చెప్పి పేరు పిలవండి బాబూ అంటే పుట్టుపూర్వోత్తరాల నుంచి ఎత్తుకుంటారు. పోనీలే, మాట్లాడనీ. ఆయన మాట్లాడినంతసేపూ ఆఖరి పురస్కారం దూరంగానే ఉంటుంది. ఆఖరిది నర్సమ్మది. నర్సమ్మ ఆ చీకట్లోనే ఉంది, రెండో వరుసో మూడో వరుసో, నీలం కోటు వేసుకుని. పొద్దున ఆ కోటు గుండీ ఊడితే తనే కుట్టింది. కుడుతుంటే నర్సమ్మ గడ్డం పైకెత్తి, సూది గుచ్చుకుంటుందేమోనని ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడి అంది, "ఈసారి నువ్వు నాతో పైకి రావాలి." తను దారం పళ్లతో తెంపి, ఎప్పుడూ ఏమంటుందో అదే అంది, "నేనొస్తే లైటెవరు పట్టుకుంటారు?" నర్సమ్మ దెబ్బలాడినా బాగుండేది. ఊరికే కోటు సర్దుకుని, ఒకసారి అద్దంలో చూసుకుని, టీ కప్పులు కడిగి బోర్లించి బయల్దేరింది. ఆ కప్పులు బోర్లించిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

లైటెవరు పట్టుకుంటారు అన్నది అబద్ధమా అంటే కాదు, అదే చిక్కు. నాటకశాల వాళ్లకి కొత్త లైట్లున్నాయి, మీట నొక్కితే వాటంతటవే తిరిగేవి, రంగులు మార్చేవి, మనిషితో పనిలేనివి. కానీ ఈ ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమె తన పాత ఫోకస్ లైటుని ఇద్దరు మనుషుల చేత ఇనుప మెట్ల మీదుగా ఈ పై గదిలోకి మోయిస్తుంది. మొదటి ఏడాది ఏ లైటు వెలిగిందో అదే వెలగాలని ఈ సన్మానాలు మొదలుపెట్టిన టీచరమ్మ పట్టు. ఈ లైటు మెడ దగ్గర ఒక బోల్టు ఉంది, దాని మరలు ఎప్పుడో అరిగిపోయాయి, ఎంత బిగించినా పట్టదు, చెయ్యి తీశామా, తల వేలాడేసి వెలుగంతా తీసుకెళ్లి నేల మీద పోస్తుంది. అంచేత మొదట్నించీ చివరిదాకా ఒక చెయ్యి దాని మీద ఉండాల్సిందే. లేతు పనివాడికిస్తే అరపూట పని. ఆ అరపూట ఆమెకి ఏళ్ల తరబడి దొరకలేదు. "ఆ బోల్టు నీకు దగ్గరి చుట్టం, దాన్నేమీ అనకూడదు" అంటుంది నర్సమ్మ. నవ్వుతూనే అంటుంది, అని పక్కకి తిరుగుతుంది. ఆమెకీ తెలుసు, పక్కకి ఎందుకు తిరుగుతుందో.

లాయరుగారు మొత్తానికి ఒక పేరు పిలిచారు. ఇళ్లు అద్దెకిచ్చే ముసలాయన. చీకట్లోంచి చేతికర్ర చప్పుడు ముందొచ్చింది, ఆ తర్వాత బూట్లు, ఆ తర్వాత మనిషి. ఇక్కడ లైటు మనిషిని వెతుక్కుంటూ వెళ్లదు. వేదిక మధ్యలో ఆగి ఉంటుంది, మనిషే నడిచి దాన్లోకి రావాలి, అదీ తనకి ఇష్టమైతేనే. ముసలాయన వచ్చి, వెలుగుకి కళ్లు చికిలించి, ఇద్దరు మగవాళ్లు వచ్చినా ఇద్దరు ఆడవాళ్లు వచ్చినా నేను అడిగేది రెండే ప్రశ్నలండీ, రాత్రిళ్లు పైన దబదబా నడవరు కదా, నీళ్లు వృథా చెయ్యరు కదా, మిగతావి నాకెందుకు, మీ మంచాల లెక్క నేనెందుకు అడుగుతానూ అన్నాడు. హాలంతా నవ్వింది. చీకట్లోంచి అంత నవ్వు వచ్చేసరికి ఆమె ఒళ్లు ఝల్లుమంది. నవ్వుని బట్టి జనాన్ని కొలవడం ఆమెకి అలవాటు, లైటు వెనక ఉన్నవాళ్లకి వేదిక తప్ప ఇంకేదీ కనిపించదు మరి, ఎదురుగా దుమ్ము తేలే తెల్లటి దారి ఒకటి, దానికి అటూ ఇటూ నల్లగా, అంతే. ఈ ఏడాది పై బాల్కనీ కూడా నిండిందన్నమాట. ఎంతమంది వచ్చారో! ఆ నల్లటి దాన్లో ఎవరున్నారో! అన్నయ్య ఉన్నాడా? ఈ ప్రశ్న ఇందాకట్నించీ వచ్చిపోతూనే ఉంది. ఇప్పుడూ వచ్చింది, ఆమె దాన్ని పక్కకి నెట్టింది, అది పోయినట్టే పోయి లాయరుగారి గొంతు వెనక నిలబడింది.

మొదటి ఏడాది ఇంత హాలెక్కడిది. సైకిళ్ల షాపు మీద ఒక గది. కిందినుంచి రబ్బరు వాసన, గ్రీజు వాసన. కిటికీలకి దుప్పట్లు కట్టారు, నలభై కుర్చీలు వేస్తే సగమే నిండాయి, ఆ కూర్చున్నవాళ్లు కూడా ఒకరికొకరు తెలియనట్టు మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి కూర్చున్నారు. టీచరమ్మ అప్పటికింకా బళ్లో భూగోళం చెబుతోంది. ఆవిడకి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లూ, మగవాళ్లని ప్రేమించే మగవాళ్లూ, ఇద్దరినీ ప్రేమించగలిగినవాళ్లూ అందరిలాగే తలెత్తుకుని బతకడానికి ఎవరు ఏ కాస్త చేసినా వాళ్లని ఏడాదికోసారి పిలిచి సన్మానించాలని. విన్నవాళ్లు నవ్వారట. సన్మానమంటే నలుగురి ముందూ చెయ్యాలి, ఆ నలుగురికీ తెలిస్తే ఉద్యోగాలూడేవాళ్లు, ఇల్లు ఖాళీ చెయ్యాల్సినవాళ్లు, కన్నపిల్లల్ని చూడనివ్వరేమోనని వణికేవాళ్లు, వీళ్లనా వేదికెక్కిస్తావ్ అని. టీచరమ్మ ఒక్కొక్కరి గుమ్మం తొక్కి ఒకటే అడిగింది, "ముఖమా, చేతులా, గొంతేనా?" ముఖం కనిపించినా పరవాలేదంటే వెలుగంతా వాళ్లదే. చేతులు చాలంటే చేతుల మీదే. గొంతేనంటే లైటు ఖాళీ మైకు మీద ఉంటుంది, మనిషి చీకట్లోంచి మాట్లాడతారు. లైటు జనం వైపు మాత్రం ఎప్పటికీ తిరగకూడదు, ఎవరొచ్చారో పక్కవాళ్లకి కూడా తెలియకూడదు. ఆ లైటు కోసం టీచరమ్మ ఈ అన్నాచెల్లెళ్ల లైట్ల షాపుకి వచ్చింది. అన్నయ్య ఏదో నాటకం పని మీద పోయాడు. షాపులో తనుంది. ఏం కార్యక్రమమండీ అని అడిగితే టీచరమ్మ దాచకుండా చెప్పింది, చెప్పి ఆమె ముఖంలోకి చూసింది, బళ్లో పిల్లలకి పాఠం ఎక్కిందో లేదో చూసినట్టు. ఆమెకి పాఠం చిన్నప్పుడే ఎక్కింది, ఎవరికీ అప్పజెప్పలేదు, అంతే తేడా.

ఆ ఏడాది ఒక బేకరీ అతను చేతులు చాలన్నాడు. ఇళ్లల్లోంచి గెంటేసిన కుర్రాళ్లకి తన పొయ్యి పక్క గది ఇచ్చి, రొట్టెలు కాల్చడం నేర్పినవాడు. ఆమె లోపలి రేకు తిప్పి వెలుగుని తగ్గించి, తగ్గించి, ఒక కంచమంత చేసి బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా ఆమె వెలుగు వేసింది రాజుల కిరీటాల మీద, నాయికల కన్నీళ్ల మీద, ఎవరో రాసిచ్చిన ఏడుపుల మీద. ఇప్పుడు ఆ కంచమంత వెలుగులోకి చీకట్లోంచి రెండు చేతులు వచ్చాయి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, గోళ్ల సందుల్లో పిండి, కడుక్కున్నా పోని పిండి. వచ్చి, ఆ చిన్న రాగి పలకని వెంటనే తీసుకోలేదు. ముందు దాని పక్కన ఆగాయి. అరచేతులు పైకి తిరిగాయి. తర్వాత ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అప్పుడు తీసుకున్నాయి. చేతులకి ఇంత ముఖం ఉంటుందా అనుకుంది ఆమె, మనిషిలో ఇంత పెద్దది ఇంత చిన్న వెలుగులో పడుతుందా అని ఆమెకి ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకోవడానికి కుదరక, చెయ్యి తీస్తే లైటు పడిపోతుంది కనక, అలాగే కారనిచ్చింది. ఎవరో వచ్చి పక్కన నిలబడి మంచినీళ్ల గ్లాసు ఆమె నోటి దగ్గర పెట్టారు. "లైటు దగ్గర ఉక్క కదా, తాగండి" అంది ఒక ఆడగొంతు. తాగింది. ఆ గ్లాసు పట్టుకున్న తీరులోనే ఉంది, పడుకున్నవాళ్లకి, చేతులాడనివాళ్లకి నీళ్లు పట్టి అలవాటైన తీరు, ఒక్క చుక్క కూడా గడ్డం మీదికి కారలేదు. ముఖం చూసింది మాత్రం ఆ తర్వాత, కింద సైకిళ్ల మధ్య, పట్టపగటి ఎండలో. అప్పట్నించీ ఆవిడ నర్సమ్మే, ఇల్లు ఒకటయ్యాక కూడా నర్సమ్మే.

ఇప్పుడు వెలుగులో లైబ్రరీలో పనిచేసే ఆవిడ నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో, చెయ్యి తన పని తను చేసుకుపోతోంది కాబట్టి సరిపోయింది. పెళ్లయింది కదా ఇంక నీకు ఆ గొడవెందుకు అంటారండీ నన్ను, అంటోంది ఆవిడ. పెళ్లికి ముందు ఒక అమ్మాయిని ప్రేమించాను, ఆ తర్వాత ఈయన్ని ప్రేమించాను, సగం సగం కాదండీ, రెండుసార్లూ నిండుగానే. చీకట్లో ఒక మగమనిషి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఈయనే అయ్యుంటాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఎంత ధైర్యం వీళ్లకి, ఎక్కడ అమ్ముతారో చెబితే ఒక పావుకిలో తెచ్చుకుందును. తర్వాత పిలిచినప్పుడు పేరు పిలవలేదు లాయరుగారు, మొదటిసారి క్లుప్తంగా, "ఈ పురస్కారం అందుకునేవారు చేతులు చాలన్నారు" అన్నారు. ఆమె రేకు తిప్పింది. ఇన్నేళ్లకి కూడా, ఇంత హాలు నిండాక కూడా, ఇంకా చేతులు చాలనేవాళ్లున్నారు. పడుచు చేతులు, మణికట్టు దగ్గర యూనిఫాం అంచు కనిపించకుండా లోపలికి మడిచారు, అయినా ఒక ఇత్తడి గుండీ మెరిసింది, ఆమె గబుక్కున వెలుగుని ఇంకో వేలెడు తగ్గించింది. హాలంతా లేచి నిలబడిన చప్పుడు. ముఖం చూపించినవాళ్లెవరికీ లేవలేదు, ఈ చేతులకి లేచారు. ఆమె గుండె నిండిపోయింది.

చేతులంటే గుర్తొస్తుంది, ఎప్పుడూ, తన పాదాల కింద నర్సమ్మ చెయ్యి. ఒకసారి తను కడుపులో నొప్పని పడిపోతే కోసి కుట్టారు. నర్సమ్మ పనిచేసే ఆస్పత్రే, అయితేనేం, ఆ రోజు డ్యూటీ లేదు, మామూలు బట్టల్లో ఉంది, వార్డు పెద్దావిడ తలుపు దగ్గర ఆపి మీరేమవుతారు అని అడిగింది. అన్నేళ్లుగా కలిసి పనిచేసినావిడ, పేరు తెలిసినావిడ, అడగాల్సింది కాబట్టి అడిగింది. నర్సమ్మ ఏమీ అనలేకపోయింది. స్నేహితురాలినంటే రానివ్వరు, నిజం చెబితే రేపు ఉద్యోగం ఉండదు. రక్తసంబంధం వాళ్లనే లోపలికి పంపాలట, పంపారు, అన్నయ్యని. అన్నయ్య చొక్కాకి వైర్ల జిగురు, చేతిలో టోపీ, ఎటు కూర్చోవాలో తెలియక మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి స్టూలు మీద కూర్చున్నాడు. చిట్టీ, చిట్టీ అని రెండుసార్లు పిలిచాడు, మూడోసారి పిలిస్తే ఏడుస్తాడని ఆపేశాడు. సాయంత్రం వార్డు పెద్దావిడ అటు తిరిగినప్పుడు నర్సమ్మ లోపలికి వచ్చింది. సంచిలోంచి ఉన్ని మేజోళ్లు తీసి, ఒక అరచెయ్యి మడమ కింద పెట్టి, ముందు ఎడమకాలికి తొడిగింది. ఎడమకాలే ముందు చల్లబడుతుంది ఆమెకి. అడగలేదు, తడుముకోలేదు, తెలుసు కాబట్టి తొడిగింది. అన్నయ్య చూశాడు. అన్నయ్య లైటు మనిషి, ఎక్కడ చూడాలో ప్రపంచానికి చూపించి బతికినవాడు, ఆయనకి ఒకరు చెప్పాలా. టీ తాగొస్తానని లేచాడు. మళ్లీ రాలేదు.

తిట్టలేదు, అరవలేదు, ఆ మాటకొస్తే తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు. ఆమె కోలుకుని షాపుకి వెళ్లేసరికి లైట్లన్నీ రెండు వరుసలుగా పెట్టి ఉన్నాయి. నీవి నువ్వు తీసుకెళ్లు చిట్టీ, ఇద్దరం వేరే చేసుకుందాం అన్నాడు, ఎందుకని ఆమె అడగలేదు, అడిగితే చెబుతాడేమోనని భయం. ఈ ఫోకస్ లైటు ఆమె వరుసలో పెట్టాడు. దీని మీదే ఆమెకి పని నేర్పింది. తల్లి లేని పిల్లని నాటకాల వెంట తిప్పుతూ, మాటలతో కాదు, నోరు విప్పకుండా, ఆమె చెయ్యి మీద తన చెయ్యి పెట్టి నేర్పాడు. అన్నయ్య లైటు ఎప్పుడూ ఒక అడుగు ముందుండేది, నటుడు ఎటు తిరుగుతాడో అటు ముందే వెళ్లి కాచుకునేది. అందుకే నటులు ఆయన పని చేస్తున్నాడంటే పడి చచ్చేవాళ్లు. ఆమెది ఒక వెంట్రుకవాసి వెనక. ముందు వెళ్లవే, మనిషికి దారి కనిపించాలి అని మొట్టికాయ వేసేవాడు. బోల్టు అప్పటికే వదులు. ఇదుగో, ఇది మార్పించుకో అన్నాడు లైటు ఎత్తి బండిలో పెడుతూ. ఆయన ఆమెతో అన్న ఆఖరి మాట అదే. తల్లీ తండ్రీ అన్నీ అయినవాడు ఆఖరికి ఒక బోల్టు సంగతి చెప్పి ఊరుకున్నాడు. మార్పించలేదు. అలసత్వమనుకో, భయమనుకో, మారిస్తే ఆ మాట కూడా తీరిపోతుందని అనుకో, అన్నీ నిజమే.

నర్సమ్మ మాత్రం ఊరుకునే రకమా. ఆ తలుపు దగ్గర తనకి ఎదురైన ప్రశ్న పట్టుకుంది. వార్డు తన చేతికి వచ్చిన రోజు నుంచి, గుమ్మంలో నిలబడ్డవాళ్లని మీరేమవుతారని అడగడం మానేసి, మంచం మీద ఉన్నవాళ్లని అడగడం మొదలుపెట్టింది, "నీ పక్కన ఎవరుండాలి?" ఎంత చిన్న మార్పు. ఎవరూ కాదనలేనంత చిన్నది. ఒక ముసలాయన, చివరి రోజులు, మాట పోయింది, అడిగితే వేలితో తలుపు చూపించాడట, అక్కడ ఇంకో ముసలాయన ఆయన కళ్లజోడు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడట, జీవితమంతా ఒకే ఇంట్లో ఉన్నారట ఇద్దరూ. కొడుకులూ కోడళ్లూ బయట, కళ్లజోడాయన లోపల. నర్సమ్మ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు, కూర్చుని ఆమె రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుంది. ఆ ప్రశ్న పక్క వార్డుకి పాకింది, ఆ పై అంతస్తుకి, ఇప్పుడు ఆస్పత్రి మొత్తంలో అదే అడుగుతారు, వేరే ఆస్పత్రుల వాళ్లు వచ్చి నేర్చుకుపోతున్నారు. తనతో ఒకే దుప్పటి కప్పుకునే మనిషి ఇంత పని చేసిందా అని ఆమెకి ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు, గురక పెడుతుంది, చక్కెర డబ్బా మూత పెట్టదు, ఆ మనిషే. కిందటి నెల ఆ మనిషే చెప్పాపెట్టకుండా అన్నయ్య షాపుకి వెళ్లి ఆహ్వానం ఇచ్చి వచ్చింది. "ఏమన్నాడు?" అని అడిగితే, "ఆ రోజు పనుందన్నారు" అంది. ఇంకా? "ఇంకా ఆ లైటే వాడుతోందా అని అడిగారు." అంతేనా? అంతే. ఆ ఒక్క వాక్యాన్ని ఆమె నెలరోజులుగా నములుతోంది, తీపో చేదో తేలడం లేదు.

"... మన నర్సమ్మగారు!" అంటున్నారు లాయరుగారు, అయ్యో, అప్పుడే వచ్చేసిందా, చెయ్యి చెమట పట్టింది, ప్యాంటుకి తుడుచుకుందామంటే ఈ బోల్టు, ఈ పాడు బోల్టు. నర్సమ్మ చీకట్లోంచి వేదిక మెట్లెక్కి వచ్చింది. వార్డులో ఎలా నడుస్తుందో అలాగే, చప్పుడు కాకుండా, తొందర లేకుండా. వచ్చి వెలుగులోకి అడుగు పెట్టింది. ఎన్నేళ్లుగా ఎంతమందిని ఈ వెలుగులో చూసిందో, ఈ ముఖాన్ని మాత్రం మొదటిసారి చూస్తోంది. నెరిసిన జుట్టు అంచుల్లో వెలుగు, కోటు మీద తను కుట్టిన గుండీ, మిగతా గుండీల కంటే కొంచెం కిందికి కుట్టింది, ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఈ మనిషా, నాకు మేజోళ్లు తొడిగింది ఈ మనిషా! రాగి పలక తీసుకుని నర్సమ్మ మైకు దగ్గరికి వంగింది. ఏమీ రాసుకుని తేలేదు.

"నేను అందర్నీ ఒకటే అడుగుతానండీ. నీ పక్కన ఎవరుండాలి అని. నన్నెవరూ అడగలేదు. పోన్లెండి, అడక్కపోయినా చెప్తాను." ఆగింది. తలెత్తి నేరుగా లైటులోకి చూసింది, ఎవరూ చూడలేరు అలా, కళ్లు పోతాయి, చూసింది. "నా మనిషి అక్కడ, ఆ లైటు వెనకాల ఉంది. మీ అందరికీ వెలుగు వేసింది ఆవిడే. వస్తే వస్తుంది. రాకపోతే నేనేమీ అనుకోను. నేనిక్కడ కాసేపు నిలబడతాను, అంతే."

అంతమంది తలలు తిప్పిన అలికిడి. చీకట్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఆమె చెయ్యి పిడి మీద బిగుసుకుపోయింది. వెళ్లాలి. ఎలా వెళ్లాలి. చెయ్యి తీస్తే నర్సమ్మ చీకట్లో పడుతుంది, ఈ ఒక్కరోజు, ఈ ఒక్క నిమిషం నర్సమ్మని చీకట్లో పడెయ్యాలా. ఉంచితే, నర్సమ్మ అలాగే ఒంటరిగా నిలబడి ఉంటుంది, వార్డు తలుపు బయట నిలబడ్డట్టు. మార్పించాల్సింది, మార్పించాల్సింది, అరపూట పని. నర్సమ్మ నిలబడే ఉంది, నవ్వుతోంది, ఆ నవ్వు చివర కొంచెం వాడుతోంది. ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. అప్పుడు వినిపించింది. ఇనుప మెట్ల మీద అడుగులు. ఒకప్పుడు రెండేసి మెట్లు ఎక్కేవి ఆ అడుగులు, ఇప్పుడు ఒక్కొక్కటే, మధ్యలో ఆగి, దగ్గి, మళ్లీ. ఎవరివో మనసుకి తెలిసేలోపే వీపుకి తెలిసింది. గది తలుపు తెరుచుకుంది. ఆమె తిరగలేదు, తిరిగితే లైటు కదులుతుంది.

"ఈ బోల్టు ఇంకా మార్పించలేదా?" అన్నాడు అన్నయ్య.

పక్కకి వచ్చాడు, వైర్ల జిగురు వాసన, కొంచెం మందుల వాసన కూడా, ఎప్పట్నించి మందులు వాడుతున్నాడో. చెయ్యి చాపి ఆమె చెయ్యి మీద తన చెయ్యి పెట్టాడు, అప్పట్లో నేర్పినప్పుడు పెట్టినట్టే. "నేను పట్టుకుంటాను. లే."

"అన్నయ్యా, ఇక్కడ లైటు మనిషి వెంట తిరగదు. ముందూ వెళ్లదు. ఒకచోట ఆగి ఉండాలి. మనిషే..."

"తెలుసులేవే. ఇందాకట్నించీ చూస్తూనే ఉన్నాగా." గొంతు సవరించుకున్నాడు. కిందికే చూస్తున్నాడు, ఆమె వైపు కాదు. "నీకేం పెట్టమంటావ్ చిట్టీ? ముఖమా, చేతులా?"

"మొత్తం పెట్టు" అంది ఆమె.

ఆయన చెయ్యి కిందనుంచి ఆమె తన చెయ్యి లాక్కుంది. లైటు కదల్లేదు. ఇనుప మెట్లు దిగింది, వెనక తలుపు తీసి హాల్లోకి వచ్చింది, వరుసల మధ్య నడిచింది, ఈ దారి ఎంత పొడుగో ఆమెకి ఇన్నేళ్లూ తెలియదు, పైనుంచి చూస్తే పిడికెడు దారి. నడుస్తుంటే చీకట్లో ఎవరివో వేళ్లు ఆమె మోచేతిని తాకాయి, ఇంకెవరివో భుజాన్ని, పేర్లు లేవు, ముఖాలు లేవు, పిండి చేతులున్నాయో ఇత్తడి గుండీ చేతులున్నాయో అందులో, ఇన్నేళ్లూ తను వెలుగు వేసిన చేతులన్నీ ఇప్పుడు తనని ముందుకి సాగనంపుతున్నట్టు అనిపించింది. మొదటి వరుస చివర టీచరమ్మ గొంతు, "జాగ్రత్త, మూడో మెట్టు ఎత్తు." వేదిక మెట్లెక్కింది. వెలుగు అంచు దగ్గర ఆగింది. తన బూటు ముక్కు చీకట్లో ఉంది, దానికి జానెడు దూరంలో తెల్లటి గుండ్రం మొదలవుతోంది, ఇలాగే ఎంతమంది ఆగారో ఇక్కడ, పైనుంచి చూసి రండి రండి అని మనసులో పిలిచేది వాళ్లని. గుండ్రం అవతల నర్సమ్మ ఉంది. చెయ్యి చాపలేదు, పిలవలేదు, ఊరికే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆమె అడుగు పెట్టింది. వెచ్చగా ఉంది. ఎవరూ చెప్పలేదు ఇంత వెచ్చగా ఉంటుందని. వెలుగు కళ్లలో కొట్టి హాలంతా మాయమైంది, చప్పట్లు ఎటు నుంచి వస్తున్నాయో కూడా తెలియలేదు, అన్నయ్య ఉన్న చోట ఒక తెల్లటి మంట తప్ప ఏమీ కనిపించలేదు. నర్సమ్మ భుజం తన భుజానికి తగిలింది. కాళ్ల కింద వెలుగు సన్నగా వణుకుతోంది. ఆ లైటు ఎన్ని రకాలుగా వణుకుతుందో ఆమెకి తెలుసు, ఫ్యాను అదిరితే ఎలా, ఇనుప మెట్లు అదిరితే ఎలా, బోల్టు జారితే ఎలా. ఇది వాటిలో ఏదీ కాదు.